మూడు డిస్కులు చాలు, బ్యాగు తర్వాత కొందురు గానీ

మా కాంప్లెక్సులో ఈ ఏడాది ముగ్గురు డిస్క్ గోల్ఫ్ మొదలెట్టారు, ముగ్గురూ మొదటి వారంలో చేసిన పని ఒకటే, వీపుకి తగిలించుకునే పెద్ద బ్యాగు కొనడం, దాన్నిండా డిస్కులు కుక్కడం. నేనూ అదే చేశా లెండి మూడేళ్ళ కింద. పద్నాలుగు డిస్కులు. ప్రతి షాటుకీ బ్యాగు ముందు గొంతుక్కూర్చుని పెళ్ళికి చీర తీసినట్టు ఒక్కోటీ తీసి చూడటం, తీరా విసిరితే ఏది విసిరినా కాసేపు పైకెళ్ళి ఎడమకి తిరిగి చెట్లలో పడేది. పద్నాలుగు రంగుల్లో ఒకటే షాటు అన్నమాట.

ఇప్పుడు మూడే పట్టుకెళ్తా. రెండు ఎడం చేతిలో, ఒకటి కుడి చేతిలో, జేబులో డిస్కు పడ్డచోట గుర్తుకి పెట్టే చిన్న మార్కరు బిళ్ళ, భుజమ్మీద తువ్వాలు. ఆట బాగుపడింది. ఎలాగో రాయమని మావాళ్ళు అడుగుతున్నారు కాబట్టి ఇది.

అసలు ఆటేంటో తెలీనోళ్ళకి రెండు ముక్కలు. గోల్ఫ్ లాంటిదే, బంతి బదులు డిస్కు, గుంట బదులు గొలుసులు వేలాడే ఇనప బుట్ట. మొదలెట్టే చోటుని టీ అంటారు, అక్కణ్ణుంచి ఆ బుట్టదాకా ఒక హోలు. టీ దగ్గర్నుంచి బుట్టలో పడేదాకా ఎన్నిసార్లు విసిరారో, అంటే ఎన్ని స్ట్రోకులో, అదే స్కోరు, తక్కువుంటే గొప్ప. అమెరికాలో చాలా కోర్సులు పబ్లిక్ పార్కుల్లోనే ఉంటాయి, మా ఊరు నార్త్ కరోలినా షార్లెట్‌లో హార్నెట్స్ నెస్ట్, రెనసాన్స్ పార్కుల్లో ఉన్నట్టు. మొదటి పర్మనెంట్ కోర్సు 1975లో కాలిఫోర్నియాలో ఓక్ గ్రోవ్ పార్కులో పెట్టాడు ఎడ్ హెడ్రిక్ అనే ఆయన, గొలుసుల బుట్ట కూడా ఆయన బుర్రలో పుట్టిందే. అప్పట్లో అందరూ మామూలు ఫ్రిస్బీలతోనే ఆడారు, అంచు కోసుగా ఉండే గోల్ఫ్ డిస్కు వచ్చింది 1983లో, ఇన్నోవా అనే డిస్కుల కంపెనీతో. అంటే మొదటి ఎనిమిదేళ్ళూ జనం దూరానికి డ్రైవరు, మధ్య దూరానికి మిడ్‌రేంజు అనే గొడవే లేకుండా లాగించేశారు.

మనకి ఇది కొత్త విషయమేం కాదు. క్యారమ్స్ ఆడతాం కదా, స్ట్రైకర్ ఒకటే. కట్ కొట్టినా, రివర్స్ కొట్టినా, బొటనవేలితో వెనక కాయ లాగినా అదే స్ట్రైకరు, మారేది వేలు, కోణం, ఎంత గట్టిగా కొట్టామన్నది. డిస్కు కూడా అంతే అని ఎవరూ మొదట్లో చెప్పరు, ఎందుకంటే అలా చెప్తే డిస్కులు అమ్ముడుపోవు.

సరే, ఏ మూడు?

డిస్కు మీద నాలుగు అంకెలు ఉంటాయి. మొదటిది స్పీడు, రెండోది గ్లైడ్, అంటే గాల్లో ఎంత తేలుద్దో, మూడోది టర్న్, నాలుగోది ఫేడ్. కుడిచేత్తో బ్యాక్‌హ్యాండ్, అంటే చెయ్యి ఛాతీకి అడ్డంగా తెచ్చి, విసిరేవాళ్ళకి టర్న్ అంటే వేగంగా వెళ్ళేటప్పుడు కుడికి ఎంత ఒరుగుద్దో, ఫేడ్ అంటే చివర్లో వేగం తగ్గాక ఎడమకి ఎంత తిరుగుద్దో. ఎడంచేతి వాటం వాళ్ళు మొత్తం తిరగేసి చదువుకోండి. ఇందులో స్పీడు అనేదాన్ని అందరూ తప్పుగా అర్థం చేసుకుంటారు. అది డిస్కు ఇచ్చే స్పీడు కాదండీ, మీరు డిస్కుకి ఇవ్వాల్సిన స్పీడు. డిస్ట్రాయర్ అని ఒకటుంది, 12/5/-1/3, ప్రోలు దాన్ని విసిరితే అలా సాగిపోద్ది. మనం విసిరితే దానికి కావాల్సిన వేగం అందదు, టర్న్ దశ రానే రాదు, నేరుగా ఫేడ్ దశకొచ్చి ఎడమకి పడిపోద్ది. నా మొదటి పద్నాలుగులో ఏడు అలాంటివే.

నా మూడు ఇవి. బుట్ట దగ్గర వేసే పుటర్ ఏవియార్, 2/3/0/1. మిడ్‌రేంజ్ బజ్, 5/4/-1/1. ఫెయిర్‌వే డ్రైవర్ లెపర్డ్, 6/5/-2/1. ఏవియార్, లెపర్డ్ ఇన్నోవావి, బజ్ డిస్క్‌క్రాఫ్ట్ వాళ్ళది. ఇవే కొనాలని రూలేం లేదు, వేరే కంపెనీల్లో కూడా ఇలాంటి అంకెలవే దొరుకుతాయి, కానీ చివరి అంకె మూడింట్లోనూ ఒకటి చూశారా, అక్కడుంది కిటుకు. ఏదీ మొండిగా ఎడమకి లాగదు. మీరు ఏ కోణంలో వదిలితే చాలావరకు ఆ కోణంలోనే పోద్ది, కాబట్టి తప్పు చేస్తే తప్పు కళ్ళముందు కనపడుద్ది. మొండి డిస్కు మీ తప్పుని దాచేస్తది.

బరువు గురించి ఎక్కువ ఆలోచించొద్దు. పుటర్, మిడ్‌రేంజ్ 170 గ్రాముల పైన, డ్రైవరు 160ల్లో తీసుకోండి. పిల్లలకీ, భుజం బలం తక్కువున్నోళ్ళకీ 150 దగ్గర్లో ఉన్నవి హాయిగా లేస్తాయి. ప్లాస్టిక్ మాత్రం ఆలోచించాలి. చవక ప్లాస్టిక్ పది డాలర్ల చుట్టుపక్కల వస్తది, చేతికి పట్టు బాగుంటది కానీ నాలుగు చెట్లకి తగిలితే అంచు అరిగి టర్న్ పెరుగుద్ది. ఖరీదుది దాదాపు రెట్టింపు రేటు, ఏళ్ళు గడిచినా పెద్దగా మారదు. పుటర్ చవకదే కొనండి, పట్టు ముఖ్యం కాబట్టి. మిడ్‌రేంజ్ ఖరీదైన ప్లాస్టిక్‌లో కొనండి, ఎందుకంటే మూడింట్లో ఎక్కువ చెట్లకి తగిలేది అదే. సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ షాపుల్లో కూడా ఒక డబ్బా నిండా పడేసుంటాయి, వెనకాల ఎవరిదన్నా ఫోన్ నంబరుంటే ముందు వాళ్ళకి మెసేజ్ పెట్టి అడగండి, అది మర్యాద.

రంగు. ఇది నేను డబ్బులు పోగొట్టుకుని నేర్చుకుంది. ఆకుపచ్చ, గోధుమరంగు వద్దని అందరికీ తెలుసు, కానీ అక్టోబరు నవంబరులో ఇక్కడ ఆకులు రాలాక ఎరుపు, నారింజ, పసుపు కూడా కలిసిపోతాయి. డిస్కు నేల మీద జారుతూ వెళ్ళి ఆకుల కిందకి దూరుద్ది, మీరు దాని మీదే నిలబడి దానికోసం వెతుకుతుంటారు. గులాబీ రంగు, లేత నీలం, ఈ రెండే నమ్మండి. మూడే డిస్కులతో ఆడేవాడికి ఒకటి పోయిందంటే ఆటలో మూడో వంతు పోయినట్టే. లోపలివైపు చెరిగిపోని మార్కర్ పెన్నుతో పేరు, ఫోన్ నంబరు రాయండి. నాలుగు నెలల కింద వాగులో పోయిన డిస్కు గురించి ఎవరో తెలీని మనిషి ఫొటోతో సహా మెసేజ్ పెట్టాడు నాకు, బురద కూడా కడిగి ఇచ్చాడు.

ఇక ప్రాక్టీసు. కోర్సుకి వెళ్ళకముందు ఖాళీగా ఉన్న సాకర్ గ్రౌండుకి వెళ్ళండి. పుటర్ ఒక్కటే. అవును, డ్రైవరు కార్లో వదిలేయండి. నిలబడిన చోటునుంచే, ఆ అడ్డంగా వేసే అడుగులేవీ లేకుండా, మూడు రకాలుగా విసరండి. ఒకటి నేలకి సమానంగా. రెండోది డిస్కు బయటి అంచు, అంటే మీ చేతికి దూరంగా ఉన్న అంచు, కిందకి వంచి, దీన్ని హైజర్ అంటారు, ఎడమకి ఒంపు తిరుగుద్ది. మూడోది అదే అంచు పైకెత్తి, ఇది యాన్‌హైజర్, కుడికి ఒంపు తిరుగుద్ది. ఒక గోల్‌పోస్టునుంచి ఇంకో గోల్‌పోస్టు వైపు విసురుతూ పోండి, తెచ్చుకుంటూ పోండి. ఒకటే డిస్కు కాబట్టి నడక ఎక్కువే. ఆ నడకలోనే ఇందాక ఎందుకు అలా పోయిందో ఆలోచించుకునే టైము దొరుకుద్ది, ఇరవై డిస్కులు వరసపెట్టి విసిరేవాడికి ఆ టైము ఉండదు.

హైజర్ విసిరేటప్పుడు మణికట్టు మాత్రమే వంచితే పనవదు, నడుం దగ్గర్నుంచి మొత్తం ఒళ్ళు వంగాలి. యాన్‌హైజర్‌కి కొంచెం వెనక్కి వాలాలి. చెయ్యి ఎప్పుడూ ఛాతీకి అడ్డంగా ఒకే దారిలో వస్తది, వాలేది మనిషి.

ఇంకోటి, అందరికీ ఉండే జబ్బు, ముక్కు పైకి లేవడం. డిస్కు ముందు అంచు ఆకాశం వైపు చూస్తుంటే అది గాలిలో పైకెక్కి, అక్కడ ఆగిపోయి, ఎడమకి జారిపోద్ది. జనం దీన్ని డిస్కు తప్పనుకుని ఇంకోటి కొంటారు. దీనికి మందు మణికట్టులో ఉంది, చెంబుతో నీళ్ళు వంచుతాం చూడండి, మణికట్టు కొంచెం కిందకి తిరుగుద్ది, అలా తిప్పి పట్టుకుని లాగండి. విసిరాక అరచెయ్యి కిందవైపు ఉందో లేదో చూసుకోండి. నాకు ఇది పట్టుబడటానికి ఆరు వారాలు పట్టింది, పట్టుబడిన రోజు అదే పాత పుటర్ చెప్పాపెట్టకుండా ముప్పై నలభై అడుగులు ఎక్కువెళ్ళింది.

ఇప్పుడు ఒక్కో డిస్కుతో ఏమేం చేయించొచ్చో చెప్తా.

పుటర్ అంటే బుట్ట దగ్గర వేసేదే అనుకోవద్దు. రెండొందల అడుగుల లోపు హోలు ఏదైనా టీ దగ్గర్నుంచే పుటర్ విసరండి. నెమ్మదిగా వెళ్ళుద్ది, పడ్డచోట పడుంటది, జారి దూరంగా పోదు. బుట్టకి 10 మీటర్ల లోపల, అంటే 33 అడుగులు, పుటింగ్‌కి ఒక రూలుంది. వేశాక మార్కరు వెనకాలే నిలదొక్కుకుని, ఆ తర్వాతే అడుగు ముందుకెయ్యాలి, వేస్తూ ముందుకి తూలితే ఫౌల్. మొదట్లో నేను బుట్టలో పడగానే ఎగిరి గంతేసేవాణ్ణి, పక్కనున్న పెద్దాయన నవ్వుతూ చెప్పాడు, బాబూ నీ గంతు ఒక స్ట్రోకు అని.

మిడ్‌రేంజే అసలు పనిమంతుడు. ఒకే దూరం విసిరే అలవాటు మానేసి పూర్తి బలంతో ఎంత, ముప్పావు బలంతో ఎంత, సగం బలంతో ఎంత అని అడుగులేసి కొలిచి పెట్టుకోండి. నాకు బజ్ పూర్తిగా విసిరితే రెండొందల నలభై దాకా, సగంతో నూట యాభై. బలం తగ్గించడం అంటే చెయ్యి నెమ్మదిగా ఊపడం కాదు, చెయ్యి తక్కువ వెనక్కి తీసుకోవడం. వెనక్కి తీసుకునేది తగ్గించి, వదిలే దగ్గర మాత్రం ఆ విదిలింపు అలాగే ఉంచండి, లేకపోతే స్పిన్ పోయి వణుక్కుంటూ పడిపోద్ది.

లెపర్డ్‌తో ఒక చిన్న మాయ ఉంది. టర్న్ -2 కదా, సమానంగా గట్టిగా విసిరితే కుడికి ఒరుగుద్ది. దాన్నే కొంచెం హైజర్‌లో వంచి గట్టిగా విసిరితే గాల్లో మెల్లిగా లేచి సమానమై, అక్కణ్ణుంచి గీత గీసినట్టు నేరుగా పోద్ది. హైజర్ ఫ్లిప్ అంటారు. మా పార్కులో పైన్ చెట్ల మధ్య పది అడుగుల సందులో వెళ్ళాల్సిన హోలు ఒకటుంది, అక్కడ నాకున్న ఏకైక దారి ఇదే. మొదటిసారి పనిచేసినప్పుడు డిస్కు ఎడమ చెట్టుకి గుద్దుకుంటదనుకున్నా, గుద్దుకునే ముందు లేచి సమానమై సందులోంచి జారిపోయింది, నోరెళ్ళబెట్టి నిలబడిపోయా, వెనకాలోళ్ళు ఎదురుచూస్తున్నారని కూడా మర్చిపోయా. అదే లెపర్డ్‌ని బాగా యాన్‌హైజర్‌లో నేలకేసి వదిలితే అంచు మీద నిలబడి చక్రంలా దొర్లుకుంటూ పోద్ది, కొమ్మలు కిందకి వేలాడుతున్నప్పుడు దాని కిందనుంచి బయటపడటానికి పనికొస్తది.

ఫోర్‌హ్యాండ్ గురించి మనోళ్ళకి ఒక మాట. చిన్నప్పుడు చెరువు గట్టున నిలబడి కుండపెంకు నీళ్ళ మీద ఎగిరెగిరి పోయేలా విసిరారా? ఆ విసురే ఇది. మోచెయ్యి నడుం దగ్గర, మణికట్టు చివర్లో ఒక్క విదిలింపు. అందుకే మనలో చాలామందికి బ్యాక్‌హ్యాండ్ కంటే ఇదే ముందు వస్తది. ఇందులో స్పిన్ తిరగబడుద్ది కాబట్టి డిస్కు చివర్లో కుడికి తిరుగుద్ది, అంటే ఒక డిస్కుతో రెండు వైపుల ఒంపులూ వచ్చేసినట్టే. కాకపోతే నా మూడింటికీ ఇక్కడొక బలహీనత ఉంది. గట్టిగా ఫోర్‌హ్యాండ్ కొడితే మూడూ ఎడమకి తిరగబడతాయి, లెపర్డ్ అయితే మరీ. సగం బలంతో, బయటి అంచు కొంచెం కిందకి వంచి, బజ్‌తో కొట్టండి. నూట యాభై అడుగులు వస్తే సంతోషించండి.

గాలి. ఇక్కడే మూడు డిస్కులోడు ఇబ్బంది పడేది. ఎదురుగాలిలో డిస్కు మీద గాలి వేగం పెరుగుద్ది కాబట్టి అది మీరు ఇంకా గట్టిగా విసిరినట్టు ప్రవర్తిస్తది, టర్న్ ఎక్కువై కుడికి తిరగబడుద్ది. వెనకగాలిలో దానికి రివర్సు, తేలకుండా తొందరగా దిగి ఎడమకి పోద్ది. కాబట్టి ఎదురుగాలిలో లెపర్డ్ తియ్యొద్దు, బజ్ తీసుకుని హైజర్ పెంచి నడుం ఎత్తులో కింద కిందే విసరండి, వంద అడుగులు పోయినా పర్లేదు నేరుగా పోనివ్వండి. వెనకగాలి ఉంటే లెపర్డ్‌కి పండగ, కొంచెం ఎత్తుగా వదిలేయండి. పక్కగాలిలో డిస్కు అడుగు భాగం గాలికి చూపించారో, గాలిపటమే.

నీళ్ళున్న హోలు దగ్గర అహంకారం కారులో పెట్టి రండి. కిందటేడు చెరువు మీంచి దాటించే హోలు దగ్గర, దాటుద్దిలే అని బజ్ కొట్టా, మొదట్లోనే. గట్టుకి రెండడుగుల ఇవతల నీళ్ళలో పడింది, పక్కనే బాతులు కూడా పట్టించుకోలేదు. అవుట్ ఆఫ్ బౌండ్స్ కింద ఒక స్ట్రోకు పెనాల్టీ, డిస్కూ గోవిందా. మిగతా పన్నెండు హోల్సూ పుటర్, లెపర్డ్‌తోనే లాగించాల్సొచ్చింది. విచిత్రమేంటంటే ఆ పన్నెండూ బానే ఆడా, వేరే దారి లేదు కదా, ప్రతిదానికీ ఎక్కడ పడాలో ముందే చూసుకుని విసిరా. అప్పట్నుంచి చెరువు దాటాలంటే నాకు కావాల్సిన దూరం నా మామూలు విసురు కంటే ముప్పై అడుగులు తక్కువుంటేనే దాటిస్తా, లేదంటే గట్టు పక్కనుంచి రెండు చిన్న విసుర్లు. డిస్కు కనపడకపోతే రూలు ప్రకారం వెతకడానికి మూడు నిమిషాలు, ఆ తర్వాత ఒక స్ట్రోకు పెనాల్టీతో ఇందాక విసిరిన చోటుకే వెనక్కెళ్ళాలి. స్నేహితులతో ఆడేటప్పుడు మూడు నిమిషాలు ఎవడు చూస్తాడు లెండి, నేను అరగంట కూడా వెతికా. పొదల్లోకి మాత్రం చెయ్యి పెట్టకండి, ఇక్కడ పాయిజన్ ఐవీ అని తగిలితే దురద పుట్టే తీగ ఉంటది, ఎండాకాలం కాపర్‌హెడ్ పాములుంటాయి, ఒక కర్రతో కదిపి చూడండి.

మరి ప్రోలు ఇరవై డిస్కులు ఎందుకు మోస్తారంటారా. మాకు దక్షిణంగా రాక్ హిల్‌లో విన్‌త్రాప్ యూనివర్సిటీ చెరువు చుట్టూ 1999 నుంచి యూఎస్ డిస్క్ గోల్ఫ్ ఛాంపియన్‌షిప్ జరుగుద్ది, అక్టోబరులో. పసుపు తాళ్ళు కట్టి ఉంటాయి, తాడు దాటితే పెనాల్టీ. ఒకసారి వెళ్ళి చూడండి, డిస్కుల్ని కాదు, టీ దగ్గర వాళ్ళ భుజాలు ఎంత వంగుతున్నాయో చూడండి. బ్యాగుల్లో కూడా చాలావరకు ఒకే మోడలు నాలుగైదు ఉంటాయి, ఒకటి కొత్తది, ఒకటి కొంచెం అరిగింది, ఒకటి బాగా అరిగింది. అరిగేకొద్దీ టర్న్ పెరుగుద్ది కదా, అదే డిస్కు వయసుని బట్టి వేరే వేరే పనులు చేస్తది. మీ చవక ప్లాస్టిక్ డిస్కు అరిగిపోయిందని పారెయ్యొద్దు, అది కుడికి తిరిగే హోల్సుకి దాచుకోండి.

నాలుగోది ఎప్పుడు కొనాలి అని అడిగితే, మూడింటితోనూ హైజర్, సమానం, యాన్‌హైజర్ అడిగిన వెంటనే వేయగలిగినప్పుడు. అప్పుడు కూడా కొత్త మోడలు వద్దు, అదే పుటర్ ఇంకోటి కొనండి. ఇంటి వెనకాల పుటింగ్ ప్రాక్టీసుకి ఒక్కో పుట్ వేసి ఒక్కోసారి నడిచి తెచ్చుకోవడం విసుగు, రెండుంటే సగం నడక తగ్గుద్ది. ఐదోది మొండిగా ఎడమకి లాగే ఓవర్‌స్టేబుల్ డిస్కు, ఎదురుగాలికీ ఫోర్‌హ్యాండ్‌కీ. మా ఆవిడ దగ్గర నాకు మూడే ఉన్నాయని పేరు, కారు డిక్కీలో స్పేర్ టైరు కింద అలాంటి మొండి డిస్కే, ఫైర్‌బర్డ్ అని ఒకటి ఉన్న సంగతి ఇక్కడ రాస్తున్నా గానీ ఇంట్లో చెప్పలేదు, గాలి మరీ ఎక్కువున్న ఆదివారం మాత్రం తీస్తా.